ప్రతుల సంఖ్య, దత్తాంశ రక్షణ: కడప కైఫియత్తుల దృష్టితో ఒక విమర్శ

19వ శతాబ్దపు తొలి సంవత్సరములలో దత్తమండలముల గ్రామ కరణములకు ఒక క్రొత్త పని వచ్చి పడినది. 1800లో నిజాము ఈ ప్రాంతమును ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన పిమ్మట సర్వే పనికి వచ్చిన కాలిన్ మెకంజీ భూమి కొలతలతోనే తృప్తి పడలేదు. ఊరికి ఆ పేరు ఎట్లు వచ్చినది, చెరువు ఎవరు కట్టించినారు, గుడి మాన్యములు ఎవరు ఇచ్చినారు, ఏ పాలెగాడు ఎంతకాలము ఏలినాడు, పొలిమేర ఎక్కడ మొదలై ఎక్కడ ముగియును అను సంగతులన్నియు వ్రాయించి తెప్పించినాడు. కావలి లక్ష్మయ్య మొదలగు సహాయకులు ఈ పని నడపినారు. కరణములు తమ దండకవిలెలను తిరగవేసి, పెద్దలను విచారించి వ్రాసి ఇచ్చిన ఈ వృత్తాంతములకే కైఫియత్తులని పేరు.

కడప ప్రాంతపు కైఫియత్తులను వరుసగా చదివిన వారికి ఒక విషయము వెంటనే స్పష్టమగును. ఒక ఊరి కైఫియత్తు నాలుగు పంక్తులలో ముగియును. మరియొక ఊరిది పుటల కొలది సాగును. ఒకదానిలో శాసన పాఠమున్నది, మరియొకదానిలో మామిడి తోపులు, బావుల లెక్క ఉన్నది. ఏ రెండింటికిని ఒకే అచ్చు లేదు. వీటిని గళ్లు గీసిన పట్టికలో పెట్టబోయినచో సగము గళ్లు ఖాళీగా మిగులును. మిగిలిన సగము గళ్లలో విషయము పట్టదు.

నేటి కంప్యూటర్ శాస్త్రములో సరిగా ఇదే చిక్కు ఎదురైనది. 1970లో ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించిన పద్ధతిలో దత్తాంశమంతయు పట్టికలుగా ఉండును. ప్రతి పట్టికకు నిలువు వరుసలు ముందే నిర్ణయింపబడును. బ్యాంకు ఖాతాలకు, రైలు టిక్కెట్లకు ఇది చక్కగా సరిపోయినది. కాని అంతర్జాలము పెరిగిన కొలది, ఒక్కొక్కటి ఒక్కొక్క రూపములో ఉండు కోట్ల కొలది వ్రాతలను, ఒకే యంత్రములో పట్టనంత రాశిని దాచవలసి వచ్చినది. 2006లో గూగుల్ వారు బిగ్‌టేబుల్‌ను, 2007లో అమెజాన్ వారు డైనమోను వర్ణించు పత్రములు ప్రకటించినారు. 2008లో కసాండ్రా, 2009లో మోంగోడీబీ బయటికి వచ్చినవి. 2009 నుండి ఈ జాతి నిలయములన్నిటికి కలిపి నో-ఎస్‌క్యూఎల్ అను పేరు వ్యాప్తిలోనికి వచ్చినది. వీనిలో పత్రరూప నిలయములని పిలువబడునవి కైఫియత్తుల కట్టల వంటివి. ప్రతి పత్రము తన స్వరూపమును తానే తెచ్చుకొనును.

ఈ పద్ధతి సౌలభ్యమును గురించి చాలమంది వ్రాసినారు. ఇచట విమర్శకు తీసుకొన్నది సౌలభ్యము కాదు, రక్షణ. ఈ నిలయములను ప్రశంసించు వారి నోట తరచుగా వినబడు మాట ఒకటి కలదు: “ప్రతి పత్రమునకు మూడు యంత్రములలో మూడు ప్రతులు ఉన్నవి, ఇక వేరుగా దాచుట ఎందుకు?” ఈ మాటలో సత్యమెంత, భ్రమ ఎంత అనునది విచారింపదగినది.

ముందుగా సత్యమును ఒప్పుకొనవలెను. ఒక పత్రము మూడు సర్వర్లలో ఉన్నదనుకొందము. వీటిని సహప్రతులందము, ఇంజనీర్లు రెప్లికాలందురు. వ్రాయునపుడు మూడింటిలో కనీసము 2 సర్వర్లు “వ్రాసికొంటిమి” అని బదులు చెప్పవలెనని నియమము పెట్టినారు. చదువునపుడు కూడ 2 సర్వర్లను అడుగవలెను. వ్రాసినవి 2, చదివినవి 2, మొత్తము 4. ఉన్నవి 3 మాత్రమే. కావున చదివిన రెండింటిలో ఒకటైనను క్రొత్త వ్రాతను ఎరిగినదై ఉండక తప్పదు. ఒక సర్వరు కాలిపోయినను పని ఆగదు, వ్రాత పోదు. ఇంత చిన్న కూడికతో ఇంత ధైర్యము కలిగించుట ఈ పద్ధతిలో నిజముగా మెచ్చదగిన గుణము.

ఇక భ్రమను చూడవలెను. లెక్కకు కొన్ని అంకెలు ఊహించుకొనవచ్చును. ఒక సంవత్సరములో ఒక సర్వరు డిస్కు చెడిపోవు అవకాశము 100లో 1 అనుకొందము. మూడు డిస్కులు ఒకదానితో ఒకటి సంబంధము లేక చెడిపోవునవి అయినచో, మూడును చెడు అవకాశము 10,00,000లో 1. ఇది చూచియే “భయము లేదు” అందురు. కాని అదే సంవత్సరములో ఒక ఉద్యోగి పొరపాటున తప్పు పట్టీని తుడుచు అవకాశము కూడ 100లో 1 అనుకొందము. తుడుపు ఆజ్ఞ మొదటి సర్వరుకు అందిన క్షణములోనే మిగిలిన రెండింటికి విధేయముగా చేరును. సహప్రతి చేయవలసిన పనియే అది. కావున మొత్తము నష్టము జరుగు అవకాశము 100లో 1 దగ్గరనే నిలిచినది. ప్రతులు మూడైనను, ముప్పదియైనను ఈ అంకె తగ్గదు. ప్రతుల గుణకారము, అవి విడివిడిగా చెడునప్పుడే ఫలించును. ఒకే కారణముతో అన్నియు చెడునప్పుడు మూడు ప్రతులును ఒక ప్రతియే.

ఈ విడితనము యొక్క విలువను 2 శతాబ్దములకు పూర్వమే కడపలో ఒకరు గ్రహించి ఆచరించినారు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో ఉద్యోగముపై కడపకు వచ్చినాడు. తరువాత ఇక్కడ బంగళా కొని, తోటలో పండితులను, లేఖకులను ఉంచి, తెలుగు కావ్యముల వ్రాతప్రతులను తెప్పించి పరిష్కరింపజేసినాడు. జనులు దానిని బ్రౌన్ కాలేజీ అన్నారు. ఆయన పద్ధతిలో ముఖ్యమైనది ఒక్కటి: ఒక కావ్యమునకు ఒక మంచి తాళపత్ర ప్రతి దొరికినదని తృప్తి పడలేదు. వేరు వేరు ఊళ్ల నుండి వేరు వేరు ప్రతులను తెప్పించి, జూలూరి అప్పయ్య వంటి పండితుల చేత పాఠములను సరిపోల్చి చూపించినాడు.

దీనిలోని గణితము పైన చెప్పిన గణితమే. ఒక లేఖకుడు ఒక పదమును తప్పు వ్రాయు అవకాశము 100లో 1 అనుకొందము. ఇద్దరు వేరు వేరు లేఖకులు అదే పదము దగ్గర తప్పు చేయు అవకాశము 10,000లో 1. ఇద్దరును ఒకే తప్పు చేయుట అంతకన్నను అరుదు. కావున రెండు ప్రతులు విభేదించిన చోట తప్పు దాగియున్నదని తెలియును. అయితే రెండవ లేఖకుడు మొదటివాని ప్రతిని చూచియే వ్రాసినచో ఆ తప్పు రెండింటిలోను ఒకటే. ఎన్నిమార్లు సరిపోల్చినను ఏమియు బయటపడదు. నేటి సహప్రతి ఈ రెండవ లేఖకుడే. దానిని బ్రౌన్ బల్లమీది వేరు ఊరి తాళపత్రముతో సమానముగా ఎంచుట పొరపాటు.

కైఫియత్తుల చరిత్ర ఈ విమర్శకు రెండవ ముఖమును చూపును. మెకంజీ 1821లో మరణించునాటికి ఆయన సంగ్రహము కలకత్తాలో ఉన్నది. 1828లో హోరేస్ హేమన్ విల్సన్ దాని పట్టికను ప్రకటించినాడు. సంగ్రహములో కొంత భాగము లండనుకు వెళ్లినది. దక్షిణ భాషల వ్రాతలు మద్రాసుకు వచ్చినవి. అచట కొన్నిటి సిరా వెలిసినది, కాగితము పురుగుల పాలయినది. 1830 దశకములో విలియం టైలర్ శిథిలమగుచున్న వాటికి నకళ్లు వ్రాయించినాడు. బ్రౌన్ కూడ స్థానిక వృత్తాంతములను లోకల్ రికార్డ్స్ అను సంపుటములుగా ఎత్తి వ్రాయించినాడు. ఈ నకళ్లు లేనిచో నేడు చాల ఊళ్ల కథ తెలియదు. కాని ఇవి ఒకే మూలము నుండి దిగిన నకళ్లు. కావ్యమునకు పది ఊళ్ల ప్రతులు దొరికినట్లు కైఫియత్తుకు దొరకవు. ఊరిలోని దండకవిలె చెదలపాలైన చోట, నకలులో పడిన ఒక సంవత్సరము తప్పును గాని, ఒక పొలిమేర రాయి తప్పును గాని దిద్దుటకు ఆధారమే లేదు. కావ్యముల విషయములో అంత జాగ్రత్త చూపిన కాలము కైఫియత్తులకు అంత అదృష్టమును కలిగింపలేకపోయినది.

రక్షణ అనగా గతములోని ఒక స్థితికి తిరిగి వెళ్లగలుగుట. అందుకై సహప్రతికి భిన్నముగా, కాలములో వెనుక నిలిచియుండు ప్రతి కావలెను. దీనినే బ్యాకప్ లేదా భద్రప్రతి అందురు. నో-ఎస్‌క్యూఎల్ నిలయములలో దీనికి ఉన్న సాధనములు మూడు విధములు. ప్రతిదానికి గుణమును దోషమును కలవు.

మొదటిది స్నాప్‌షాట్. కసాండ్రాలో దత్తాంశ ఫైళ్లు ఒకసారి వ్రాసిన తరువాత మార్చబడవు. క్రొత్త మార్పులు క్రొత్త ఫైళ్లలోనికి పోవును. కావున ఒక క్షణములో ఉన్న ఫైళ్లన్నిటికి మరియొక పేరు తగిలించి ఉంచినచో, ఆ క్షణపు స్థితి నిలిచిపోవును. ఇది నిమేషములో జరుగును, క్రొత్త స్థలము దాదాపు అక్కరలేదు. దోషమేమనగా, పేరు రెండైనను ఫైలు అదే, డిస్కు అదే. డిస్కు పోయినచో రెండు పేర్లును పోవును. ఆ ఫైళ్లను వేరొక చోటికి తరలించినపుడే అది భద్రప్రతి అనిపించుకొనును.

రెండవది మార్పుల దినచర్య. మోంగోడీబీ ప్రతి మార్పును వరుసగా ఒక పుస్తకములో వ్రాసికొనును. నిన్న రాత్రి తీసిన భద్రప్రతిపై నేటి మార్పులను ఒక్కొక్కటిగా నడిపించి, తప్పు జరిగిన నిమేషమునకు ముందు ఆపవచ్చును. సహప్రతులలో ఒకదానిని బుద్ధిపూర్వకముగా గంట వెనుకకు నడుపు ఏర్పాటు కూడ కలదు. గుణము స్పష్టమే. దోషము: ఈ పుస్తకమునకు పరిమిత స్థలమే ఉండును, నిండినపుడు పాత పుటలు చెరిగిపోవును. వారము తరువాత కనుగొన్న తప్పుకు గంట వెనుకనున్న ప్రతి ఉపయోగపడదు.

మూడవది పెద్ద నిలయమును అనేక యంత్రములలో ముక్కలుగా పంచినపుడు వచ్చు చిక్కుకు పరిష్కారము. ఒక ముక్కను 10 గంటలకు, మరియొక ముక్కను 10 గంటల 5 నిమిషములకు నకలు తీసినచో, ఆ మధ్య ఒకదాని నుండి మరియొకదానికి మారిన దత్తాంశము రెండింటిలోను కనబడవచ్చును, లేక రెండింటిలోను కనబడకపోవచ్చును. ఒక ఊరి కైఫియత్తును పొలిమేర తగవుకు ముందు, పొరుగూరిది తగవు తీరిన పిమ్మట వ్రాయించినచో ఒకే పొలము రెండూళ్లదియు కావచ్చును, ఏ ఊరిదియు కాకపోవచ్చును. కావున ముక్కలన్నిటిని ఒకే కాలరేఖ దగ్గర నిలిపి తీయు సాధనములనే వాడవలెను. ఈ సంగతిని చెప్పని సాధనము ఎంత వేగవంతమైనను పూర్ణమని చెప్పరాదు.

సాధనముల కన్న తలుపు ముఖ్యమని 2017 జనవరి రుజువు చేసినది. అంతర్జాలములో సంకేతపదము లేకయే తెరచియున్న మోంగోడీబీ నిలయములు వేల సంఖ్యలో దుండగుల చేతిలో పడినవి. దత్తాంశము తుడిచివేయబడి, దాని స్థానములో 0.2 బిట్‌కాయిన్ చెల్లింపుమను వంటి చీటీలు మిగిలినవి. అనేక సందర్భములలో దుండగులు నకలైనను తీసికొన్న జాడ లేదని పరిశోధకులు చెప్పినారు. అనగా డబ్బు చెల్లించినను తిరిగి ఇచ్చుటకు వారివద్ద ఏమియు లేదు. సహప్రతులున్న వారికి కూడ అవి రక్ష కాలేదు. తాళము లేని స్థాపనను సులభముగా చేసిన ఏర్పాటును, సరిచూడని వాడుకరిని, ఇరువురిని విమర్శింపవలెను. 2017 చివర వచ్చిన 3.6 రూపములో, కోరి తెరచిననే తప్ప నిలయము బయటి వారికి వినబడకుండునట్లు మార్చినారు. ఇది మంచి దిద్దుబాటు.

దుండగుడు భద్రప్రతిని కూడ చెరుపగలిగినచో దాని ఉపయోగమేమి? రాయలసీమ కరణములకు, వర్తకులకు పరిచితమైన రెండు వ్రాత సాధనములు ఇచట గుర్తుకు వచ్చును. కడితము అనునది మసి, జిగురు పూసిన మడత గుడ్డ. బలపముతో వ్రాసి, కావలసినపుడు తుడిచి మరల వ్రాయవచ్చును. తాటాకుపై గంటముతో గీసినది తుడుచుటకు వీలులేదు. నడుచుచున్న లెక్కకు కడితము, నిలువవలసిన మాటకు తాటాకు. నేటి నిలయమునకు కూడ రెండును కావలెను. గడువు తీరువరకు యజమాని కూడ మార్చలేని, చెరుపలేని నిలువ ఏర్పాటులు నేడు దొరకుచున్నవి. భద్రప్రతులను అట్టి చోట ఉంచుట, గుప్తలిపిలో ఉంచుట, ఆ లిపి తాళపుచెవిని వేరొక చోట దాచుట వివేకము. తాళపుచెవి కూడ అదే పెట్టెలో కాలిపోయినచో గుప్తలిపి యజమానికే శత్రువగును.

దాచినది చెడకుండ ఉన్నదా అని ఎట్లు తెలియును? పూర్వపు లేఖకులు గ్రంథసంఖ్య కట్టెడివారు; 32 అక్షరములు ఒక గ్రంథము. మూలమునకు నకలుకు సంఖ్య సరిపోయినచో పంక్తి జారలేదని నమ్మకము. కాని ఒక అక్షరమునకు బదులు వేరొక అక్షరము పడినచో సంఖ్య మారదు, తప్పు దొరకదు. నేటి కంప్యూటరు ఫైలులోని అక్షరములన్నిటిని ఒక గణిత సూత్రము ద్వారా నడిపి ఒక చిన్న ముద్రను పుట్టించును. ఒక్క అక్షరము మారినను ముద్ర పూర్తిగా మారిపోవును. భావన పాతదే, సూక్ష్మత క్రొత్తది. అయితే ఈ ముద్ర నకలు మూలమువలె ఉన్నదని మాత్రమే చెప్పును. మూలమే తప్పైనచో దానిని పట్టదు. దానికి బ్రౌన్ పద్ధతి వలె స్వతంత్రమైన మరియొక ఆధారము కావలెను.

చివరిది, అందరు ఉపేక్షించునది, తిరిగి తెచ్చి చూచుట. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అను సంస్థలో ఒక ఇంజనీరు రాత్రివేళ అలసటలో, సహప్రతి అనుకొని ముఖ్య ప్రతినే తుడిచినాడు. అది పట్టికల జాతి నిలయమైనను పాఠము అన్ని జాతులకును ఒకటే. సుమారు 300 గిగాబైట్ల దత్తాంశము పోయినది. దాచు ఏర్పాట్లు పలు విధములుగా ఉన్నవి. వెదకగా నిత్యము తీయవలసిన భద్రప్రతులు చాలకాలముగా తయారగుటయే లేదు, ఆ వైఫల్యమును తెలుపు ఉత్తరములు కూడ ఎవరికిని చేరలేదు. వేరొక పనికై 6 గంటల ముందు ఒకరు తీసియుంచిన ప్రతి వలన మాత్రమే గట్టెక్కినారు. ఆ సంస్థ జరిగినదంతయు దాచక ప్రకటించుట ప్రశంసనీయము. తిరిగి తెచ్చి చూడని భద్రప్రతి ఆశ మాత్రమే అని దీనివలన తెలియుచున్నది.

పుస్తకముల విషయములోను ఇట్టిదే జరిగినది. శ్రీకాళహస్తి సమీపమున కాటూరులో జన్మించిన రాజ్ రెడ్డి ప్రోత్సాహముతో సాగిన పది లక్షల పుస్తకముల ప్రణాళికలో భాగముగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఏర్పడినది. ఎన్నో పాత తెలుగు పుస్తకములు అందులో చేరినవి. తరువాత ఆ వెబ్‌సైట్లు మూతపడినపుడు పాఠకులకు అడ్డుపడినది సాంకేతిక సహప్రతి కాదు. వేరొక దేశములో, వేరొక యాజమాన్యము క్రింద నున్న ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఆ పుస్తకములలో లక్షల సంఖ్యవి ముందే చేరియుండుటయే మేలయినది. విడితనము అనగా యంత్రముల మధ్య మాత్రమే కాదు; ఊళ్ల మధ్య, యాజమాన్యముల మధ్య, నిర్ణయములు చేయు మనుష్యుల మధ్య కూడ ఉండవలెను.

బ్రౌన్ బంగళా ఉన్న స్థలములోనే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి కృషితో గ్రంథాలయము వెలసినది. యోగి వేమన విశ్వవిద్యాలయమునకు చెందిన ఆ సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రము కడప జిల్లా కైఫియత్తులను సంపుటములుగా అచ్చు వేసినది. అచ్చు పుస్తకము వందలాది ఇండ్లలో విడివిడిగా ఉండును. ఒక ఆజ్ఞతో అన్నిటిని తుడుచుట ఎవరికిని సాధ్యము కాదు. వేగములో నేటి నిలయములతో అది పోటీ పడజాలదు. కాని ఈ ఒక్క గుణమును నేటి నిలయములు దాని నుండి నేర్వవలసియే ఉన్నది.

కావున నో-ఎస్‌క్యూఎల్ నిలయములపై తీర్పు ఇది. వైవిధ్యమును ఇముడ్చుకొనుటలో, యంత్రము చెడినను పని ఆగకుండ చూచుటలో అవి పట్టికల కన్న ఎన్నో సందర్భములలో మేలు. రక్షణ మాత్రము వాటి స్వభావములో లేదు. యజమాని వేరుగా కల్పింపవలెను. ఉన్నత పాఠశాలలో దీనిని పరీక్షించుటకు పెద్ద యంత్రములు అక్కరలేదు. మార్కుల రిజిస్టరును కంప్యూటరులోనికి ఎక్కించి, ఒక ప్రతిని వేరొక చోట దాచి, నెల తరువాత ఒక విద్యార్థి చేత అసలును తుడిపించి, దాచిన ప్రతి నుండి మరల నిలబెట్టింపవచ్చును. ఎంతసేపు పట్టినది, ఎన్ని రోజుల మార్కులు పోయినవి అను రెండు అంకెలు పలకపై వ్రాసినచో, ఆ పాఠశాల రక్షణ ఎంతటిదో ఆ రెండంకెలే చెప్పును.